పురికొసకు పట్టాభిషేకం

ఇంట్లోని వ్యర్థాలతోనే కానుకలను కళాత్మకంగా చుట్టడం నేర్పుతామని మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ప్రకటన వచ్చినప్పుడు, లోకం ఎట్టకేలకు మా అమ్మ దారికి వచ్చిందని నేను పొంగిపోయిన మాట వాస్తవం. ప్రకటన అడుగున మరొక వాక్యం ఉన్నది. శిక్షణకు కావలసిన వ్యర్థాల పెట్టె వెల 899 రూపాయలు, ముందుగా చెల్లించాలి, బయటి వ్యర్థాలకు అనుమతి లేదు. సినిమా హాళ్ళలో బయటి తినుబండారాలకు పెట్టే నిబంధన చెత్తకు కూడా వర్తించే స్థాయికి మనం ఎదిగామన్నమాట.

ఆదివారం ఉదయం కమ్యూనిటీ హాలులో 22 మందిమి 22 అట్టపెట్టెల ముందు బుద్ధిగా కూర్చున్నాము. పెట్టెను కోసి, దానిలోని గాలిబుడగల ప్లాస్టిక్కును విప్పి, దాని లోపలి పలుచని సంచిని చింపిన తరువాత మాకు వ్యర్థదర్శనం లభించింది. మూరెడేసి ముక్కలుగా కోసిన పురికొస, ప్లాస్టిక్‌తో చేసిన ఎండుపూలు, ఒక మెరుపుపొడి సీసా, ఒక గ్లూ గన్, వీటన్నిటికీ తలమానికంగా అయిదు పాత వార్తాపత్రిక పుటలు. పత్రికలతో బతుకుతున్నవాడిని గనుక అలవాటు కొద్దీ తేదీ వెదికాను. తేదీ లేదు, ఊరు లేదు, సంపాదకుడు లేడు. ఫ్రెంచి వంటి భాషలో నాలుగు వరుసలు, వాటి పక్కన ఈఫిల్ టవర్ బొమ్మ, టీ మరక పడినట్టు అచ్చువేసిన పసుపు రంగు. ఒక్క వార్తనైనా మోయకుండా, ఒక్కరి చేతనైనా చదివించుకోకుండా, పుట్టుకతోనే పాతబడిన పత్రిక అది.

నేను చంకన పెట్టుకొని వెళ్ళిన మా ఇంటి పాత పేపర్ల కట్టను చూసి శిక్షకురాలు నొచ్చుకున్నారు. "తెలుగు పేపరు ఏస్తెటిక్‌గా ఉండదు సార్" అన్నారు. మరుసటి ఆదివారం నేను ఒక గృహప్రవేశానికి గోడ గడియారం తీసుకువెళ్ళవలసి ఉన్నది కనుక, దానిని మా పేపరులోనే చుట్టి తీరుతానని పట్టుపట్టాను. ఇక పుట ఎంపిక మీద సభలో చర్చ మొదలయింది. మొదట చేతికి వచ్చిన పుటలో వరుసగా శ్రద్ధాంజలి ఫొటోలు ఉన్నాయి, కొత్త ఇంటి గుమ్మంలో అపరిచితులైన స్వర్గస్థులు పదకొండుమంది ఒకేసారి చిరునవ్వు నవ్వడం శుభం కాదని మూడవ అంతస్తు పిన్నిగారు తీర్పు చెప్పారు. రాశిఫలాల పుట తీస్తే గృహస్థుది వృషభరాశి అని తేలింది, ఆ వారం వృషభానికి ధననష్టం, స్థానచలనం. జిల్లా పుటలో రెండు ప్రమాదాలు, ఒక పాముకాటు ఉన్నాయి. క్రీడల పుట నిరపాయమని అందరమూ అనుకున్న క్షణంలో మన జట్టు ఓడిపోయిన సంగతిని ఒక కుర్రవాడు గుర్తుచేశాడు. చివరికి బొమ్మలు లేని, మరణాలు లేని, గ్రహాల ప్రసక్తి లేని, అంకెలతో నిండుగా కనిపించే ఒక గంభీరమైన పుట దొరికింది. గడియారాన్ని అందులో చుట్టి, పురికొసతో కట్టి, ముడి కూడా వేసిన తరువాత గాని మేము దానిని చదవలేదు. అది అప్పు తీర్చలేనివారి ఇళ్ళను బ్యాంకు స్వాధీనం చేసుకొని వేలం వేస్తున్న ప్రకటన. అప్పటికి పురికొస అయిపోయింది.

తరువాతి అంశంగా శిక్షకురాలు గుడ్డతో కానుకను చుట్టే జపాను కళను ప్రదర్శించారు. దాని పేరు ఫురోషికి. ఆ కళను పునరుద్ధరించడానికి 2006లో జపాను పర్యావరణ మంత్రి యురికో కోయికె స్వయంగా పూనుకొని, ప్లాస్టిక్ సీసాల నుంచి తీసిన నూలుతో గుడ్డలు నేయించిన మాట నిజమే, అందుకు ఆమెను అభినందించవలసిందే. అయితే నాలుగు కొసలు పట్టి ముడి వేయడాన్ని మన దేశంలో మూట అంటారని చెప్పడానికి నేను చేయి ఎత్తాను గాని, ఎవరూ పట్టించుకోలేదు. తిరుపతి ముడుపును పసుపు గుడ్డలో కట్టేవారు, ఆడబిడ్డకు చీర కొంగులో ఒడిబియ్యం పోసేవారు, చద్దిమూటతో పొలానికి వెళ్ళేవారు ఇన్ని వందల ఏళ్ళుగా ఏ సర్టిఫికెట్టూ లేకుండానే ఈ పని కానిచ్చారు.

మా అమ్మ కిరాణా కొట్టు పొట్లాన్ని తెంపేది కాదు, విప్పేది. పురికొసను కండెకు చుట్టేది, పొట్లం కాగితాన్ని అరచేత్తో సాపు చేసి పరుపు కింద పెట్టేది, గడిచిన ఏటి క్యాలెండరు పుటలతో మా పుస్తకాలకు అట్టలు వేసేది. పొట్లం కాగితం మీది కథ సరిగ్గా హత్య జరిగే చోట చిరిగిపోయి ఉంటే, మిగతా సగం కోసం మళ్ళీ పావుకిలో శనగపప్పు కొనమని నేను మారాము చేసేవాడిని. అప్పుడు బంధువులు దానిని పిసినారితనం అనేవారు. ఆ బంధువులలో ఒకరి కోడలు నా పక్క కుర్చీలోనే కూర్చొని, 899 రూపాయల రసీదు పట్టుకొని, పురికొసను భక్తితో నిమురుతున్నారు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. క్లాసు ముగిసిన తరువాత నేను కిందికి వెళ్ళి చెత్త గది ముందు నిలబడ్డాను, అక్కడ నవ్వు రాలేదు. మా చెత్త తీసుకువెళ్ళే ఆమె నేల మీద కూర్చొని దానిని వేరు చేస్తున్నది. పాత పేపరు ఆమెకు డబ్బు, అట్టపెట్టె డబ్బు. మేము రెండు గంటలు కష్టపడి ఆ కాగితం మీద వేడి జిగురు కక్కించి, మెరుపుపొడి చల్లి, టేపు అంటించి, ప్లాస్టిక్ పువ్వు గుచ్చి, పాత సామాన్లవాడు కూడా ముట్టుకోని వస్తువుగా మార్చి ఆమె ఒడిలో పడేశాము. మెరుపుపొడి అంటే ఏమిటి? లోహపు పూత పూసిన ప్లాస్టిక్‌ను పొడి చేసినది. మిఠాయి డబ్బాకు, శుభలేఖకు చుట్టే ప్లాస్టిక్ పొరను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు, కానుకకు చుట్టే మెరుపు కాగితం ఆ జాబితాలో లేదు. పిడికిట్లో నలిపితే నలిగి ఉండేది కాగితం, మళ్ళీ విచ్చుకునేది ప్లాస్టిక్, ఈ సంగతి ఆమెకు ఏ శిక్షకురాలూ చెప్పనక్కర లేదు, ఆమె చేతికి తెలుసు. గట్టిపడిన జిగురును గోటితో గీకుతున్న ఆ చేతికి తొడుగు లేదు. తొడుగులు కొనడానికి నిధులు లేవని అసోసియేషన్ సమావేశంలో మూడుసార్లు వాయిదా వేశారు. ఆ ఆదివారం ఒక్క పూటలో వ్యర్థాలు కొనడానికి మేము పెట్టిన ఖర్చు 19,778 రూపాయలు. సిగ్గు అనే మాట తెలుగులో ఇంకా వాడుకలోనే ఉన్నదా? నేను కూడా ఆ 22 మందిలో ఒకడిని, నా పెట్టెలోని బుడగల ప్లాస్టిక్కు కూడా ఆ కుప్పలోనే ఉన్నది. నా పాత పేపర్ల కట్టను ఆమెకు ఇచ్చి పైకి వచ్చాను.

మరుసటి ఆదివారం గృహప్రవేశానికి గడియారంతో వెళ్ళాను. మెరుపు కాగితాలు చుట్టిన కానుకలను గృహస్థు చూడకుండానే మూలన పెట్టించారు. నాది చేతిలోకి తీసుకొని, కళ్ళజోడు సవరించుకొని, పురోహితుడు రెండుసార్లు పిలిచినా వినిపించుకోకుండా, గడియారాన్ని అటూ ఇటూ తిప్పుతూ చదవసాగారు.

"మియాపూర్ ఫ్లాటు, తూర్పు ముఖమండీ," అన్నారు చివరికి. "కనీస ధర ఉన్న మూలను లోపలికి మడిచేశారేమిటి?"