బావ పడవ మోటారు, మావయ్యగారి కాఫీ

మిన్నెసోటాలో కారు నంబర్ ప్లేట్ల మీద కూడా పదివేల సరస్సులు అని రాసుకుంటారు, అన్నుండి ఒక్కదాంట్లో కూడా పడవెక్కకపోతే ఇంత చలిలో కాపురం దేనికి అని మా బావ ఎవరో ముసలాయన దగ్గర ఓ పడవా, దాని వెనక తగిలించే ఓ పాత టూ స్ట్రోక్ ఔట్‌బోర్డు మోటారూ కొన్నాడు. ప్రియురాలి కోసం తెడ్డేసుకుంటూ తెస్తుంటే ఐస్‌క్రీమ్ కరిగిపోయిందన్న కోపంతో ఓలే ఎవిన్‌రూడ్ ఇలాంటి మోటారు తయారుచేశాడని ఇక్కడో కథ చెప్తారు, 1909లో అమ్మకం కూడా మొదలెట్టాడు. ఆ ఐస్‌క్రీమేదో ఇంకాసేపు గట్టిగా ఉండుంటే మా అక్క సుఖపడేది.

ఎందుకంటే అక్టోబరు వచ్చేసరికి ఆ మోటారుకి బాలింత పథ్యం మొదలు. పెట్రోల్లో స్టెబిలైజర్ కలపాలి, లేకపోతే చలికాలమంతా నిలవుండి కార్బ్యురేటర్లో జిగురు కడుతుంది. లోపల నీళ్లు మిగలకూడదు, గడ్డకడితే 9 శాతం ఉబ్బి గేర్ డొక్క పగలగొడతాయి. సరే, చెయ్యి, ఎవరొద్దన్నారు? కానీ దీపావళి రోజేనా! సాయంత్రం జనం భోజనాలకొస్తున్నారు, అక్క బూరెలేస్తోంది, ఈయన గ్యారేజీ ముందు మోటారుకి రెండు రబ్బరు కప్పులు తగిలించి తోట పైపు పెట్టి స్టార్ట్ చేశాడు. నీళ్లందకపోతే లోపల పంపు రెక్కలు మాడిపోతాయట, కప్పులు జారకుండా చూసే డ్యూటీ నాది.

తర్వాత ఫాగింగ్ ఆయిల్. ఇంజను తిరుగుతుండగానే కార్బ్యురేటర్లోకి కొడితే లోపలంతా నూనె పూత పడి తుప్పు పట్టదు, పొగ బాగా వచ్చేదాకా కొట్టమని డబ్బా మీదుంది. బావకి పొదుపు ఒక్క ఈ విషయంలోనే లేదు. తెల్లటి పొగ గ్యారేజీ నిండి, తెరిచున్న తలుపులోంచి వంటింట్లోకెళ్లి, స్మోక్ అలారం గోలెట్టింది. పక్కింటావిడ కుక్కతో సహా వచ్చి హ్యాపీ దివాలీ చెప్పి, ఈ రాష్ట్రంలో పేలే టపాసులు నిషేధం కదా అని ఎంతో మర్యాదగా గుర్తుచేసింది.

ఇక గేర్ ఆయిల్. కింద స్క్రూ, పైన స్క్రూ విప్పితే కారుతుంది, పట్టడానికి బావ వంటింట్లోంచి స్టీలు గ్లాసు తెచ్చాడు. నల్లగా రావాల్సింది పాలు కలిపినట్టొచ్చింది, అంటే సీలు పోయి నీళ్లు దూరాయన్నమాట. బావ మొహం మాడ్చుకుని గ్లాసు మెట్టు మీద పెట్టి సీలు రేటు చూడ్డానికి ఫోన్ కోసం లోపలికెళ్లాడు.

పొగకి బయటికొచ్చిన మావయ్యగారు, రాజమండ్రి మనిషి, మంకీ క్యాపులో కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి, మెట్టు మీద కూచుని గ్లాసు చేతిలోకి తీసుకున్నారు. నేను కప్పులొదిలేసి కేకేశాను.

"మావయ్యగారూ, అది కాఫీ కాదండీ!"

"ఎందుకయ్యా అంత అరుపు, నేనెలాగూ తాగను, నురగేది దీనికి?"

కొత్త ఆయిల్ కింద నుంచి ఎక్కించి పై రంధ్రంలో కనిపించేదాకా నింపి, మోటారుని గ్యారేజీలో నిటారుగా నిలబెట్టారు. అది అక్క కారు చోటు, కారు మంచులోకెళ్లింది.

భోజనాల దగ్గర ఒకాయన బూరె కొరికి ఆగిపోయాడు. "అక్కా, కట్టెల పొయ్యి మీద చేశారా? ఆ పొగ వాసన భలే ఉందండీ."

అక్క బావ వైపు చూసింది. "ఆ క్రెడిట్ నాది కాదండీ, ఆయనదే."