అరవై సెకన్లలో అర్థమైందట, కాగితం మీదికి ఎందుకు రావడం లేదో!

ఈ నెలలో ఒకే సందేశం నాకు ఎనిమిదిసార్లు వచ్చింది. పంపినవారిలో ఇద్దరు ఉపాధ్యాయులు, ఒకరు మా బావగారు. హైస్కూలు లెక్కలకూ సైన్సుకూ ఇక పుస్తకాలతో, నోటుపుస్తకాలతో పనిలేదు, నిమిషం నిడివి వీడియోలు చాలు అన్నది దాని సారం. అందుకు ఐదు ‘శాస్త్రీయ’ కారణాలు చెబుతుంది. మనిషి ఏకాగ్రత 8 సెకన్లే, బంగారు చేప కంటే తక్కువ. చదివిందాంట్లో 10 శాతం, చూసిందాంట్లో 50 శాతం గుర్తుంటుంది. ఈ తరం పిల్లలు చూసి నేర్చుకునే రకం. ఐన్‌స్టీన్ కూడా లెక్కల్లో తప్పాడు. చివరిది, చూసి అర్థమైతే వచ్చేసినట్టే కాబట్టి గంటల తరబడి లెక్కలు చేయించడం పిల్లల కాలాన్ని వృథా చేయడమే. ఆ తర్వాత షరా మామూలే, పదిమందికి పంపమని.

మొదటి ఏడుసార్లూ ఊరుకున్నాను. ఎనిమిదోసారి మా బావగారు, పాఠాలు చెప్పుకునే నాకు ‘నీ వృత్తికి గడ్డుకాలమే’ అని ఒక నవ్వు బొమ్మ కూడా జత చేశారు.

ఐన్‌స్టీన్ సంగతి ఒక్క ముక్కలో తేల్చేద్దాం. తప్పలేదు. పదిహేనేళ్లు నిండకముందే కలనగణితం మీద పట్టు సాధించానని ఆయనే చెప్పుకున్నాడు. పాపం, పిల్లలకు మార్కులు తగ్గిన ప్రతిసారీ ఆయన్ని సాక్షిగా బోనెక్కిస్తూనే ఉన్నారు.

చేపకూ అన్యాయమే జరిగింది. ఆ 8 సెకన్ల కథ 2015లో మైక్రోసాఫ్ట్ కెనడా విభాగం వ్యాపార ప్రకటనల రంగం కోసం విడుదల చేసిన నివేదికతో లోకమంతా పాకింది. ఆ అంకె వారు ప్రయోగం చేసి తేల్చింది కాదు, వేరే వెబ్‌సైటు నుంచి ఎత్తి రాసింది. అయినా మన ఏకాగ్రత నిజంగా ఎనిమిది సెకన్లే అయితే, తెరమీద మూడుసార్లు జరిపితే గాని పూర్తికాని ఆ సందేశాన్ని చివరిదాకా చదివి ముందుకు పంపిన వారెవరు? చేపలా?

శాతాలు మాత్రం అచ్చమైన కాకిలెక్కలు. వీటిని ఎడ్గార్ డేల్ అనే అమెరికా విద్యావేత్తకు అంటగడుతుంటారు. ఆయన 1946లో ‘అనుభవ శంకువు’ అనే బొమ్మ గీసిన మాట వాస్తవమే. అందులో ఒక్క శాతమూ లేదు, తర్వాతి వారు అతికించారు. ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ అతికించిన పట్టికలో అట్టడుగు వరుస ‘స్వయంగా చేసింది 90 శాతం గుర్తుంటుంది’ అని ఉంటుంది. మన సందేశం 50 దగ్గర ఆగిపోయింది. దొంగలెక్కలో కూడా తమకు గిట్టని వరుసను కత్తిరించుకున్నారన్నమాట.

చూసి నేర్చుకునే రకం, విని నేర్చుకునే రకం అన్న విభజనను 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు పరిశీలించారు. పిల్లల రకాన్ని బట్టి పాఠం చెబితే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. త్రిభుజాన్ని ఎవరైనా చూసే నేర్చుకోవాలి, చెవులతో నేర్చుకునే పిల్లవాడు నాకింతవరకూ తారసపడలేదు.

ఇక అసలు విషం ఐదో కారణంలో ఉంది. చూసి అర్థమైతే వచ్చేసినట్టేనట!

తొమ్మిదో తరగతి చదువుతున్న మా మేనకోడలు మొన్న ఉత్సాహంగా వచ్చి, పదకొండుతో గుణించే చిట్కా ఒకటి నేర్చుకున్నానంది. 23ను 11తో గుణించాలంటే 2ను, 3ను ఎడంగా రాసి, మధ్యలో వాటి మొత్తం 5 పెట్టాలి. 253. సరైన జవాబే. వీడియోలో 23 తర్వాత 34, ఆ తర్వాత 52 చేసి చూపించారట. అన్నీ ఒద్దికగా కుదిరే సంఖ్యలే. ‘మరి 57 చెయ్యమ్మా’ అన్నాను. ఐదుకూ ఏడుకూ మధ్యలో పన్నెండు పెట్టి, 5127 అని రాసి నా వైపు తిప్పింది. అరవైని పదకొండుసార్లు వేసినా 660 దాటదు కదా, ఇది ఐదువేలు ఎలా అయిందన్న అనుమానం ఆ పిల్లకు రాలేదు. తెలివి లేక కాదు. చిట్కా మీద నమ్మకం అంత గట్టిగా కుదిరింది. పదకొండు అంటే పదీ ఒకటీ అని, 570కి 57 కలిపితే 627 అని తానే ఒక్కసారి కాగితం మీద కూడుకుని ఉంటే, మధ్యలో అంకెలు ఎందుకు కలుస్తున్నాయో, పది దాటితే ఎందుకు ఎడమవైపుకు జరగాలో తెలిసిపోయేది. తర్వాత కూర్చోబెట్టి చేయించాను, నాలుగు నిమిషాలు పట్టింది. అందులో రెండు నిమిషాలు అలకకు పోయాయి.

ఒలిచిన అరటిపండు తినడానికి బాగానే ఉంటుంది, ఒలవడం మాత్రం రాదు. మైఖేల్ కార్డాస్, ఎడ్ ఓబ్రయన్ అనే ఇద్దరు పరిశోధకులు 2018లో ప్రచురించిన ప్రయోగాలు సరిగ్గా దీనిమీదే. బల్లమీది సామాను కదలకుండా గుడ్డను లాగేయడం, బాణాలు గురిచూసి విసరడం వంటి పనుల వీడియోలను కొందరికి ఒక్కసారి, కొందరికి ఇరవైసార్లు చూపించారు. ఇరవైసార్లు చూసినవారికి ‘నేనూ చేయగలను’ అన్న ధీమా బాగా పెరిగింది. చేతిలో పనితనం మాత్రం పెరగలేదు. వర్గసమీకరణం వీడియోను మూడోసారి చూస్తున్న పిల్లవాడి ముఖంలో నాకు కనిపించేది ఆ ధీమాయే. పరీక్షలో తెల్లకాగితం ముందు కూర్చున్నాక అది ఎటుపోతుందో మళ్లీ చెప్పాలా?

‘అయితే మళ్లీ మళ్లీ చూస్తారు, నష్టమేమిటి?’ అని మా బావగారి ప్రశ్న. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం ఆయన కోసమే చేసినట్టుంది. కొందరు విద్యార్థులు ఒక పాఠ్యభాగాన్ని మళ్లీ చదివారు. మరికొందరు ఒకసారి చదివి, చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవారిదే పైచేయి, 81 శాతానికి 75. వారం తర్వాత అడిగితే తలకిందులైంది. మళ్లీ చదివినవారికి 42 శాతం గుర్తుంటే, గుర్తుతెచ్చుకుని రాసినవారికి 56 శాతం. అది చదవడం మీద చేసిన ప్రయోగం, వీడియో మీద కాదు, ఒప్పుకుంటాను. కానీ మెదడు అదే కదా. వీడియో ఆగీ ఆగకముందే ‘వచ్చేసింది’ అనిపించేది ఆ ఐదు నిమిషాల తెలివే. పరీక్ష వారం తర్వాత ఉంటుంది.

సైన్సులో ఇంకో చిక్కు ఉంది. పిల్లలు ఖాళీ బుర్రలతో రారు, తప్పుడు ఊహలతో వస్తారు. భూమి సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం అనే ఊహనే తీసుకోండి. రుతువుల వీడియోలలో భూకక్ష్యను కోడిగుడ్డులా సాగదీసి గీస్తారు, దాంతో ఆ ఊహకు ఇంకాస్త బలం చేకూరుతుంది. నిజానికి కక్ష్య దాదాపు వృత్తమే. భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. జూలైలో అది 15.2 కోట్లు. డెరెక్ ముల్లర్ సిడ్నీ విశ్వవిద్యాలయంలో తన పీహెచ్‌డీ కోసం భౌతికశాస్త్రం వీడియోలను పరీక్షించాడు. చక్కగా వివరించిన వీడియోను విద్యార్థులు ‘స్పష్టంగా ఉంది’ అని మెచ్చుకున్నారు, మార్కులు మాత్రం పెద్దగా మారలేదు. వారి తప్పుడు ఊహనే ముందు పెట్టి, అది ఎక్కడ తప్పుతుందో చూపిన వీడియోను ‘గందరగోళంగా ఉంది’ అన్నారు, మార్కులు పెరిగాయి. ఆయనే తర్వాత వెరిటాసియం అనే వీడియో ఛానల్ పెట్టాడు. వీడియోల శత్రువు కాదు గదా! సులభంగా మింగుడు పడింది కాబట్టి వంటబట్టిందని అనుకోవద్దని కనిపెట్టింది మాత్రం ఆయనే.

ఇంతా తిట్టాక ఒకటి దాచుకుంటే బాగుండదు. పాతికేళ్లుగా పిల్లలకు వర్గసమీకరణాల సాధనలో వర్గాన్ని పూర్తిచేసే పద్ధతి చెబుతున్నాను. x గుణకంలో సగం తీసుకో, దాన్ని వర్గం చేసి కలుపు అని. ఎందుకని ఎవరైనా అడిగితే బీజగణితంలో నిరూపించి చూపేవాణ్ని. పోయిన ఏడాది నలభై సెకన్ల వీడియో ఒకటి చూశాను. భుజం x ఉన్న చతురస్రం పక్కన 6 వెడల్పు పట్టీ. దాన్ని నిలువునా రెండుగా చీల్చి, ఒక ముక్కను కుడివైపున, ఇంకోదాన్ని కిందివైపున అతికించారు. మూలలో మూడు బై మూడు గడి ఖాళీగా మిగిలింది. ఆ తొమ్మిదిని కలిపితే చతురస్రం నిండింది. పేరులోనే ‘పూర్తిచేయడం’ ఉన్నా నాకు పాతికేళ్లు ఆ గడి కనబడలేదు. కాసేపు సిగ్గుపడి, మర్నాడు తరగతిలో కాగితం కత్తిరించి అదే చేయించాను.

నిడివి విషయంలోనూ సందేశంలో సగం నిజం ఉంది. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలోని వీడియో పాఠాల మీద 2014లో 69 లక్షల వీక్షణలను లెక్కించినప్పుడు, ఎక్కువమంది దాదాపు చివరిదాకా చూసింది ఆరు నిమిషాల లోపు వీడియోలనే. కాబట్టి పొట్టిగా చేయండి, కాదనను. అయితే అందులో లెక్కించింది ఎంతసేపు చూశారని, ఎంత నేర్చుకున్నారని కాదు. ఈ రెండూ ఒకటేనని సందేశం రాసినవారు అనుకున్నారు. బహుశా దాన్ని కూడా వీడియోలోనే చూసి ఉంటారు.

బావగారూ, తొమ్మిదోసారి పంపేముందు చిన్న పని. ఫోను బోర్లా పెట్టి, ఒక కాగితం తీసుకుని, 78ని మా మేనకోడలి చిట్కాతో 11తో గుణించండి. ఆ కాగితం ఫోటో తీసి, సందేశానికి జతచేసి పంపండి.