పిల్లలు లేని శిక్షణ ఎవరి కోసం?

ఏప్రిల్ దాటుతుండగా గోదావరి డెల్టాలో కాలువలు కట్టేస్తారు. ధవళేశ్వరం దగ్గర నీరు ఆపిన కొద్ది రోజులకే కాలువల అడుగు బయటపడుతుంది. మళ్లీ జూన్‌లో నీరు వదిలేలోగా పూడిక తీయాలి, గుర్రపుడెక్క లాగాలి, లాకుల తలుపులు చూసుకోవాలి. ఆ పనులు ఏటా ఎంత సక్రమంగా సాగుతాయన్నది వేరే కథ, దానికి ఈ వ్యాసం చాలదు. కానీ పూడిక తీయాలంటే కాలువలోకి దిగాలన్న సంగతిలో మాత్రం ఇక్కడ ఎవరికీ అనుమానం లేదు.

సరిగ్గా ఆ వారాల్లోనే ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పనిచేసే సిబ్బందికి వేసవి శిక్షణలు పెడుతుంటారు. ఈ పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లోని ప్రత్యేక ఉపాధ్యాయులు, చాలాచోట్ల వారానికి ఒక రోజు వచ్చిపోయే ఫిజియోథెరపిస్టులు, అంతకంటే అరుదుగా కనిపించే స్పీచ్ థెరపిస్టులు. వీరికి శిక్షణ కావాలా అన్న చర్చ ఎప్పుడో ముగిసింది. 1995 వికలాంగుల చట్టం గుర్తించిన వైకల్యాలు 7. 2016 చట్టం వాటిని 21 చేసింది. వినికిడి లోపం ఒక్కటే చదువుకుని ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయిని ముందు ఇప్పుడు ఆటిజం ఉన్న పిల్లవాడు, చదవడం, రాయడం కష్టమయ్యే అభ్యసన వైకల్యం ఉన్న పిల్లవాడు పక్కపక్కనే కూర్చుంటున్నారు. ప్రాథమిక స్థాయిలో పదిమంది పిల్లలకు, ఆ పై స్థాయిలో పదిహేనుమందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మన మండలాల్లో ఆ లెక్క ఎలా ఉందో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ఉన్న కొద్దిమందికైనా పనితనం పెరగాలి. నాకు పేచీ పిల్లలెవరూ లేకుండా ఆ శిక్షణ జరిగే గదితోనే. కాలువలోకి దిగకుండా పూడిక తీయడం లాంటిది అది.

గత ఏడాది మే నెలలో అలాంటి ఒక శిక్షణలో ఒక రోజు కూర్చున్నాను. హాలులో అరవై కుర్చీలు, వేడిగాలి విసిరే నాలుగు ఫ్యాన్లు, వెనక పెద్ద బ్యానరు. పాఠం చెప్పినాయన విషయం బాగా తెలిసిన మనిషి, ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. మెదడులోని లోపం వల్ల కదలికలు దెబ్బతినే సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో కండరాలు ఎలా బిగుసుకుంటాయో తెర మీద బాణం గుర్తులతో చూపించారు. భోజనాల తర్వాత అభ్యాసం అన్నారు. పక్క కుర్చీలోని తోటి ఉద్యోగి మోచేతిని వంచి, చాపి చూడటమే ఆ అభ్యాసం. నలభై ఏళ్ల ఆరోగ్యవంతుడి మోచేయి ఎవరికి ఏమి నేర్పుతుంది? బిగిసిన కాలిని మెల్లగా చాపుతుంటే ఒకచోట పట్టేస్తుంది. బలవంతం చేయకుండా అక్కడే ఆగి ఓపిక పడితే కొంచెం వదులవుతుంది. ఆ పట్టు ఎక్కడ వస్తుందో, ఎప్పుడు వదులుతుందో చేతికి తెలియాలి. కంటికి తెలిస్తే చాలదు.

ఆ హాలుకు కిలోమీటరు దూరంలోనే అలాంటి పాప ఉంది. సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. కొబ్బరితోటలో ఇల్లు. రోడ్డు దిగి, బోదె మీద వేసిన రెండు తాటిదూలాలు దాటి, గట్టు వెంట నడవాలి. శిబిరంలో ఇచ్చిన చక్రాల కుర్చీ వసారాలో ఉంది, దాని మీద ఉతికిన బట్టలు ఆరేశారు. ఆ దూలాల మీదుగా ఏ చక్రమూ దాటదు మరి. పాప నాయనమ్మ చంకన ఉంది, అటొక కాలు, ఇటొక కాలు. "సెలవులంటేనే భయం వేస్తుందండీ, జూన్‌కి కాళ్లు మళ్లీ మొదటికే వస్తాయి" అంది తల్లి. పొద్దున ఆ హాలులో విన్నదంతా కలిపినా ఈ ఒక్క వాక్యానికి సరిపోదు. ఏడు వారాలు బడి మూసి ఉంటుంది, భవిత కేంద్రానికి పిల్లలు రారు, సిబ్బంది మాత్రం ఎక్కడో తెర ముందు కూర్చుని అదే పిల్లల గురించి వింటుంటారు. ఈ రెండింటినీ ఒకచోట కలపడానికి ఇన్నేళ్లుగా ఏమి అడ్డం వచ్చింది?

శిక్షణ ఆ వసారాలో జరగాలి. ఒక అనుభవజ్ఞుడు, నలుగురు సిబ్బంది, ఒక పాప, ఆమె తల్లి. మూడు ఉదయాలు చాలు. ఫిజియోథెరపిస్టు కాలు పట్టుకున్నప్పుడు ప్రత్యేక ఉపాధ్యాయిని పక్కనే ఉండాలి, ఎందుకంటే ఆ పాపను పలక ముందు ఎలా కూర్చోబెట్టాలో తేల్చుకోవలసింది ఆమే. ఒకే హాలులో కూర్చున్నా ఇప్పుడు ఎవరి విద్య వారిది. ప్రత్యేక ఉపాధ్యాయులు, స్పీచ్ థెరపిస్టులు 1992 చట్టం కింద ఏర్పడిన పునరావాస మండలి (రిహాబిలిటేషన్ కౌన్సిల్) పరిధిలోకి వస్తారు, ఫిజియోథెరపిస్టులు 2021లో వచ్చిన మరో చట్టం పరిధిలోకి. కాగితం మీద రెండు కాలువలు, తడవాల్సిన చేను ఒక్కటే.

పైగా డెల్టాలో దీనికి వేసవిని మించిన కాలం లేదు. లంక గ్రామాలకు మే నెలలో నదీపాయ ఇసుకలో నడిచి వెళ్లవచ్చు. వరదల్లో అదే దారి పడవ మాట. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కోనసీమ లంకల్లో ఇళ్లలోకే నీరు వచ్చింది, ఇక థెరపీ మాట ఎవరు తలుస్తారు? ఆ పిల్లల తల్లులకు చేతిపని నేర్పి ఉంచాలంటే వరదకు ముందే నేర్పాలి.

రోహిణి కార్తె ఎండల్లో ఇల్లిల్లూ తిరగమంటే ఎలా, వాళ్లకూ సెలవులు వద్దా, కాంట్రాక్టు జీతంలో పెట్రోలు ఎవరు పోస్తారు అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఉదయం ఏడు నుంచి పది వరకే పెట్టండి, పనిచేసిన రోజులకు బదులు సెలవు ఇవ్వండి, దారిఖర్చు ముందే చేతిలో పెట్టండి. హాలు అద్దె, బ్యానరు, భోజనాల డబ్బు ఇందుకు సరిపోదంటే నేను నమ్మను. పిల్లలను ప్రదర్శనకు పెట్టినట్టు ఉంటుందన్న అభ్యంతరం కూడా విన్నాను. అరవైమంది ముందు వేదికెక్కిస్తే ప్రదర్శనే. సొంత ఇంట్లో, తల్లి ఒప్పుకున్నాక, నలుగురి మధ్య కాదు.

నిజానికి నాకు ఇంతకంటే ఎక్కువ మండేది మరొకటి ఉంది. ఈ విద్య అంతా ఏ భాషలో నడుస్తోంది? అభ్యసన వైకల్యం పాఠంలో ఇంగ్లీషు అక్షరాలు బి, డి తారుమారు కావడాన్ని ఉదాహరణగా చూపించారు. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లవాడు తికమకపడేది ప, ష దగ్గర, మ, య దగ్గర, గుడికీ గుడిదీర్ఘానికీ మధ్య. ఒత్తు కింద రాయాలా, పక్కన రాయాలా అన్నచోట వాడి పెన్సిలు ఆగిపోతుంది. ఆ తప్పులను వరసపెట్టి చూపే ఒక్క కాగితమూ ఆ రోజు ఎవరి చేతికీ అందలేదు. ఉచ్చారణ పాఠమూ అంతే. ఇంగ్లీషు పిల్లలు మాట చివరి హల్లును మింగేస్తారని చెప్పారు. మన మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కదా! మన పిల్లలు రాముడిని లాముడు అంటారు, గడ్డిని గడి చేస్తారు. వినాల్సింది అది.

మింగడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకు పానీయం ఎంత చిక్కగా ఉండాలో చెప్పే పట్టికను ఇంగ్లీషు నుంచి దింపి "తేనె చిక్కదనం" అని రాశారు. ఏ తల్లి వంటింట్లో తేనె కొలత ఉంటుంది? పలుచటి మజ్జిగ, గంజి, జావ, గుజ్జు అంటే నాయనమ్మకు వెంటనే తెలుస్తుంది. ఇలాంటి మాటలను పోగుచేయడం పెద్ద పరిశోధన ఏమీ కాదు. గోదావరి జిల్లాల్లోనే బొమ్మూరు, దూబచర్లల్లో ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు ఉన్నాయి. ఒక వేసవిలో సిబ్బందిని, నలుగురు నాయనమ్మలను కూర్చోబెడితే అయిపోయే పని.

ఆ రోజు హాలులో వెనక వరసలో ఒక యువతి, కొత్తగా చేరిన థెరపిస్టు అనుకుంటా, లేచి అడిగింది: "సార్, తుంటి దగ్గర కాళ్లు ఎడంగా ఉంచే ఈ వ్యాయామాన్ని ఇంట్లోవాళ్లకు తెలుగులో ఏమని చెప్పాలి?" ఆయన ఒక క్షణం ఆగి, అదే ఇంగ్లీషు పదాన్ని మళ్లీ నెమ్మదిగా పలికారు. ఆమె కూర్చుని తన పుస్తకంలో ఏదో రాసుకుంది. టీ విరామంలో వంగి చూశాను. "చంకన ఎత్తుకున్నట్టు" అని ఉంది, కింద "బాసింపట్టు వేయించాలి, కాళ్లు వెనక్కి మడిచి కూర్చోనివ్వకూడదు" అని. ఆ రోజు అందరికీ పంచిన ఫోల్డరులో ముప్ఫై పేజీల జెరాక్సులు ఉన్నాయి. ఆ పేజీ మాత్రం అందులో లేదు.