బౌమన్ తొలి కార్డు గారికి ఒక పైరేట్స్ అభిమాని విన్నపం

మహారాజశ్రీ బౌమన్ తొలి కార్డు గారి సముఖానికి, పిట్స్‌బర్గ్ నుంచి, ఆ ఊరి బేస్‌బాల్ జట్టు పైరేట్స్ అభిమానీ తమరి చిరకాల ఖాతాదారూ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరు నా బీరువాలో, పట్టుబట్టల కింద, ఎండా తేమా తగలని చోట, గట్టి ప్లాస్టిక్ కవచంలో క్షేమంగా ఉన్నారు. తమరి మీద అచ్చయిన కుర్రవాడు మాత్రం మోచేతికి శస్త్రచికిత్స చేయించుకుని, ఈ ఏడాదంతా బంతి ముట్టుకోకూడదన్న డాక్టరు ఆజ్ఞ మీద ఫ్లోరిడాలో కూర్చున్నాడు. ఈ వార్త తెలిసిన ఉదయం నేను మొదట ఆరా తీసింది అతని చెయ్యి ఎలా ఉందని కాదు, తమరి ధర ఎంతకు పడిందని. ఆ సిగ్గుతోనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

తమరిని ఎరగని తెలుగువారి కంట ఇది పడవచ్చు కనుక తమరి పుట్టుపూర్వోత్తరాలు కాస్త చెప్పుకోవాలి. తమరు రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు ఉన్న అట్టముక్క. 1948లో బబుల్‌గమ్‌కు తోడుగా బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మలతో బయలుదేరిన బౌమన్ వంశాన్ని 1956లో పోటీదారైన టాప్స్ కొనేసి, ఆ పేరును అటకెక్కించింది. 1989లో మళ్ళీ కిందికి దించి దుమ్ము దులిపి, రానురాను దాన్ని పెద్ద లీగ్, అంటే అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్, మెట్లు ఇంకా ఎక్కని కుర్రవాళ్ళను, అంటే ప్రాస్పెక్టులను, అచ్చు వేసే పనికి కేటాయించింది. ఆటగాడు పెద్ద లీగ్‌లో ఆడాక వచ్చే కార్డుకు రూకీ కార్డు అనే బిరుదు దక్కుతుంది. తమరికి ఆ బిరుదు లేదు, దాని అవసరమూ లేదు. మూలన ‘ఫస్ట్’ అన్న చిన్న ముద్ర ఉంటే చాలు, కొనేవాళ్ళు వరస కడతారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మన పెద్దలు నవ్వుకోవడానికి చెప్పిన మాటను నిజం చేసి, సోమలింగం సంతకం కూడా చేయించి, వరస నంబరు వేసి డబ్బాల్లో అమ్మిన ఘనత తమరి వంశానిదే.

సోమలింగానికి జాతకం ఉండాలి కదా, అదీ ఉంది. ఏటా చలికాలంలో బేస్‌బాల్ అమెరికా పత్రిక, ఎమ్‌ఎల్‌బీ పైప్‌లైన్ వెబ్‌సైటు వంటి సిద్ధాంతులు నూరుమంది ప్రాస్పెక్టుల పేర్లు వరసపెట్టి ప్రకటిస్తారు. బ్యాటుకు బంతి తగిలించడం, దూరం కొట్టడం, పరుగెత్తడం, విసరడం, పట్టడం అనే అయిదు విద్యలకు ఇరవై నుంచి ఎనభై వరకు మార్కులు వేస్తారు. పెద్ద లీగ్‌లో సగటు ఆటగాడిది యాభై. ఏమీ రానివాడికి కూడా ఇరవై మార్కులు ఖాయం చేసిన ఈ పద్ధతి మన పరీక్షల బోర్డుల కంట ఇంకా పడలేదు గాని, పడితే ఉత్తీర్ణత శాతం ఎక్కడికో పోతుంది. పైగా ఈ మార్కులు ఇప్పటి ఆటకు మాత్రమే కాదు, రాబోయే ఆటకు కూడా: ఇవాళ ముప్పై అయిదు, అయిదేళ్ళ తర్వాత అరవై. ఉగాదికి అటూ ఇటూగా సీజన్ మొదలవుతుంది కనుక మా ఇంట్లో రెండు పంచాంగ శ్రవణాలూ ఒకే వారంలో జరుగుతాయి. రెండోదానిలో ఫలితాలు ఏటా ఒకటే: ఆదాయం యజమానికి, వ్యయం అభిమానికి, రాజపూజ్యం ప్రాస్పెక్టుకు, అవమానం మళ్ళీ అభిమానికే.

ఈ ఊరికి ఉద్యోగం మీద వచ్చినప్పుడు నాకు తెలిసిన పిట్స్‌బర్గ్ అంటే పెన్ హిల్స్‌లోని వెంకటేశ్వరస్వామి గుడి ఒక్కటే. ఆ గుడి వెలసింది 1970ల దశకంలో. పైరేట్స్ చివరిసారి వరల్డ్ సిరీస్, అంటే పెద్ద లీగ్ కిరీటం, గెలిచింది కూడా ఆ దశకంలోనే, 1979లో. తర్వాత స్వామివారు ఎందరికో వీసాలు, ఉద్యోగాలు, సంతానం అనుగ్రహించారు గాని, ఈ ఒక్క మొక్కు మాత్రం తమ పరిధిలోది కాదన్నట్టు ఊరుకున్నారు. 1993 నుంచి 2012 దాకా వరసగా ఇరవై సీజన్లు జట్టుకు గెలుపులకన్నా ఓటములే ఎక్కువ. ఉత్తర అమెరికా పెద్ద లీగ్‌ల జట్లలో ఇంత దీర్ఘవ్రతం పట్టినది మరొకటి లేదు. 2013 నుంచి మూడేళ్ళు ఆండ్రూ మెకచెన్ పుణ్యమా అని ప్లేఆఫ్స్ ముఖం చూశాం. ఆ తర్వాత షరా మామూలే.

తమరు పాతుకుపోవడానికి ఇంతకన్నా అనువైన నేల ఎక్కడుంటుంది? ఓడే జట్టు అభిమాని రాత్రి స్కోరు చూసి నిద్ర చెడగొట్టుకునే బదులు, ఆల్టూనాలోనో గ్రీన్స్‌బరోలోనో కింది లీగ్‌లో ఆడుతున్న పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు నాలుగుసార్లు బ్యాటుకు దిగి మూడు హిట్లు కొట్టాడన్న వార్త చదివి హాయిగా పడుకుంటాడు. జట్లు ఏటా వంతులవారీగా కొత్త కుర్రవాళ్ళను ఎంచుకునే డ్రాఫ్టులో, 2024లో తొమ్మిదో స్థానంలో హైస్కూలు నుంచి నేరుగా ఎంచుకున్న కానర్ గ్రిఫిన్ 2025లో కింది లీగ్‌ల మూడు అంచెల్లో ఆడి, క్రికెట్ సిక్సర్ల లాంటి హోమ్ రన్లు 21 కొట్టి, 65 బేస్‌లు దొంగిలించాడు, అంటే ఎవరూ బంతి కొట్టకుండానే పరుగెత్తి ముందు బేస్ చేరుకున్నాడు. అదే ఏడాది పెద్ద జట్టంతా కలిసి కొట్టిన హోమ్ రన్లు 117, ముప్పై జట్లలోకెల్లా తక్కువ. ఇక ఏ జట్టు వార్త చదవాలో నన్ను అడగనవసరం లేదు. నిజానికి నేను అభిమానించే పైరేట్స్ జట్టు అలెగెనీ నది ఒడ్డున ఆడదు. అది నా బీరువాలో ఉంటుంది, దానికి ఇంతవరకు ఓటమి లేదు.

తమరి మాట నమ్మి మేము హారతులు పట్టిన వాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఈ ఆటలో గెలుపోటములను పిచ్చర్, అంటే బంతి విసిరేవాడి, ఖాతాలో రాస్తారు. 2002 డ్రాఫ్టులో అందరికన్నా ముందు ఎంచుకున్న పిచ్చర్ బ్రయన్ బులింగ్టన్ పైరేట్స్ తరఫున ఒక్క ఆట కూడా గెలవలేదు. 2012లో ఎనిమిదో స్థానంలో ఎంచుకున్న మార్క్ ఆపెల్ మాతో ఒప్పందానికి ఒప్పుకోక మళ్ళీ కాలేజీకి వెళ్ళిపోయి, మరుసటి ఏడాది హ్యూస్టన్ వారికి మొట్టమొదటి ఎంపిక అయ్యాడు. పెద్ద లీగ్‌లో అతను మొదటిసారి బంతి విసిరింది 2022లో, ముప్పై ఏళ్ళ వయసులో, ఫిలడెల్ఫియా జట్టు తరఫున. పీటల మీదికి రాని ఆ పెళ్ళికొడుకుకు నష్టపరిహారంగా లీగ్ మాకిచ్చిన అవకాశంతో 2013లో ఆస్టిన్ మెడోస్‌ను తెచ్చుకున్నాం. తెచ్చుకుని ఏం చేశాం? 2018 జులై 31న అతన్నీ, టైలర్ గ్లాస్నోనూ, ఆపైన రెండు వారాలకు షేన్ బాజ్‌నూ టాంపా బే వారికి సమర్పించి, క్రిస్ ఆర్చర్ అనే ఒక్క పిచ్చర్‌ను తీసుకున్నాం. 2019లో ఆర్చర్ గెలిచినవి మూడు, ఓడినవి తొమ్మిది.

ఆ వ్యాపారం పూర్తయిన రోజు ఊరంతా తల పట్టుకుంటే, నేను మాత్రం బీరువా తలుపు తీసి ఆ ముగ్గురి కార్డులనూ లెక్కపెట్టుకున్నాను. మా దగ్గరినుంచి వెళ్ళినవాడు బాగుపడతాడన్నది బజారుకు బాగా తెలిసిన సూత్రం. 2011లో మా మొదటి ఎంపిక అయిన గెరిట్ కోల్‌ను 2018లో హ్యూస్టన్‌కు ఇచ్చేస్తే, 2019 డిసెంబరులో న్యూయార్క్ యాంకీస్ జట్టువారు అతనికి తొమ్మిదేళ్ళకు 32 కోట్ల 40 లక్షల డాలర్లు రాసిచ్చారు. కనుక ఒక ప్రాస్పెక్టును జట్టు వదులుకున్నప్పుడు అభిమానిగా ఏడుస్తాను, కార్డు యజమానిగా లోలోపల మురుస్తాను. అత్త చచ్చిందని ఏడ్వాలో, నగలు వచ్చాయని నవ్వాలో తెలియని కోడలి పరిస్థితికి ఒక ఊరినంతా తెచ్చిపెట్టిన తమరి చాకచక్యం సామాన్యమైనది కాదు.

ఒక్కడు నిలబడ్డాడు, కాదనను. 2023లో మొదటి ఎంపికగా వచ్చిన పిచ్చర్ పాల్ స్కీన్స్ 2024 మేలో బరిలోకి దిగి ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు, 2025లో ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు కొట్టాడు. ఆ సై యంగ్ ఏడాది అతను గెలిచినవి పది, ఓడినవి పది. అంత గొప్పగా విసిరినా సగం సగమే మిగిలిందంటే మిగతా జట్టు సంగతి వేరే చెప్పాలా? తొలి ఆటలో అతని చొక్కాకు కుట్టిన గుడ్డముక్కను పొదిగి, ప్రపంచంలో ఒకే ఒక్క కార్డు తయారుచేశారు. అది లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో పదకొండేళ్ళ పిల్లవాడికి క్రిస్మస్ కానుక ప్యాకెట్లో దొరికింది. కార్డు మాకిస్తే హోమ్ ప్లేట్, అంటే బ్యాటు పట్టేవాడు నిలబడే చోటు, వెనక రెండు సీజన్ టికెట్లు ముప్పై ఏళ్ళపాటు ఇస్తామని పైరేట్స్ వారు బేరం పెట్టారు. ముప్పై ఏళ్ళ పైరేట్స్ ఆటలంటే బహుమతో శిక్షో ఆ కుటుంబానికి వెంటనే అర్థమైనట్టుంది, వేలానికి పెట్టారు. 2025 మార్చిలో 11 లక్షల డాలర్ల పైచిలుకు పలికింది. ఆ ఏడాదికి స్కీన్స్‌కు జట్టు ఇచ్చిన జీతం 8 లక్షల 75 వేలు. చొక్కా గుడ్డకు వచ్చినంత చొక్కా తొడుక్కున్నవాడికి జీతంగా రాలేదు.

తమరి వంశాన్ని ఎదిరించిన మగవాడు మా ఊళ్ళో ఒక్కడే ఉండేవాడు, ఆయన పేరు హోనస్ వాగ్నర్, పాతకాలపు పైరేట్స్ ఆటగాడు. 1909లో సిగరెట్ ప్యాకెట్లలో వేస్తున్న కార్డుల మీద తన బొమ్మ వద్దన్నాడు. పిల్లలు పొగాకు కొంటారని బాధపడ్డాడని కొందరు, డబ్బు ఇవ్వలేదని అలిగాడని కొందరు అంటారు. ఏదైతేనేం, కొద్ది కార్డులు వేసి ఆపేశారు. వద్దన్న పాపానికే వాటిలో ఒకటి 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. కాదన్నవాడిని కూడా తమరు వదిలిపెట్టరన్నమాట.

మన దేశం వైపు కూడా ఈ గాలి ఒకసారి వీచింది. 2008లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన జావెలిన్ కుర్రవాళ్ళు రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఒక టీవీ పోటీలో వేగంగా బంతి విసిరినందుకు పైరేట్స్‌తో ఒప్పందం కుదుర్చుకున్నారు. అంతకుముందు వాళ్ళు బేస్‌బాల్ ఆట చూసి కూడా ఎరగరు. పెద్ద లీగ్ దాకా ఇద్దరూ రాలేదు. దినేశ్ ఇంటికి వెళ్ళిపోయాడు, రింకూ తర్వాత కుస్తీ ప్రదర్శనల్లోకి వెళ్ళాడు. జాతకం చూడకుండా తీసుకున్న ఆ ఇద్దరికీ, జాతకాలు కుదిరి వచ్చిన మా మొదటి ఎంపికలకూ ఫలితంలో పెద్ద తేడా లేదన్నది సిద్ధాంతులు ఆలోచించవలసిన విషయం.

ఇక నా సొంత గోడు. ఒక వేసవి సాయంత్రం మా అమ్మాయిని తీసుకుని ఆటకు వెళ్ళాను. నాలుగేళ్ళుగా నేను వార్తల్లో వెంబడిస్తున్న కుర్రవాడు, బ్రేడెంటన్‌లో ఎండకు మాడినప్పటినుంచీ, ఆల్టూనాలో బస్సులెక్కినప్పటినుంచీ నేను ఎరిగినవాడు, తమరి మీద సంతకం చేసి నా బీరువాలో వెలుగుతున్నవాడు, పెద్ద లీగ్‌లో మొదటిసారి బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు. ఆ క్షణంలో నేను ఫోను తీసి, మొదటి ఆటకు తమరి ధర ఎంత పెరిగిందో చూస్తున్నాను. ఒక్కసారిగా చప్పుడు, జనం లేచారు. తల ఎత్తేసరికి కుర్రవాడు రెండో బేస్ మీద దుమ్ము దులుపుకుంటున్నాడు. చూశావా నాన్నా అని మా అమ్మాయి భుజం కుదిపితే చూశానమ్మా అన్నాను. బంతి కుడివైపున, పాతతరం పైరేట్స్ ఆటగాడు క్లెమెంటే చొక్కా నంబరుకు గుర్తుగా 21 అడుగుల ఎత్తు కట్టిన గోడకు తగిలిందట. ఎంత ఎత్తున తగిలిందో తను చెయ్యి పైకి చాచి చూపించింది.

ఇంటికి వచ్చి తమరిని కవచంలోంచి తీసి వెనక్కి తిప్పి చూశాను. అక్కడ అతని ఎత్తు, బరువు, హైస్కూలు పేరు, ఏ చేత్తో విసురుతాడో అన్నీ ఉన్నాయి. ఆ గోడ సంగతి మాత్రం తమరికీ తెలియదు.

ఇట్లు,
తమరి విధేయుడు,
పిట్స్‌బర్గ్.