సున్నం అడిగిన బడి

ఎన్నికలయ్యాక ఎమ్మెల్యేలు కనబడరనే అపవాదు మన సమాజంలో బలంగా పాతుకుపోయింది. దాన్ని ఖండించడం నా బాధ్యతగా భావిస్తున్నాను. మా ఎమ్మెల్యేగారు కనబడ్డారు. 2025 జూన్‌లో, పిల్లల్ని సర్కారు బడిలో చేర్పించే బడిబాట జరుగుతున్న రోజుల్లో, హైదరాబాద్‌లో మూసీకి కూతవేటు దూరంలో ఉన్న మా బస్తీ బడికి స్వయంగా విచ్చేసి, రాష్ట్ర బడ్జెట్‌లో చదువుకు ఏం దక్కిందో గంటకు పైగా వివరించారు. పది గంటలకు వస్తానన్నవారు పన్నెండుంబావుకు వచ్చారు. ఈలోగా పిల్లలు వరుసల్లో కూర్చుని ఓర్పు అనే పాఠం నేర్చుకున్నారు. దానికి పుస్తకం అక్కర్లేదు, టీచరూ అక్కర్లేదు. ప్రభుత్వానికి పైసా ఖర్చు లేని చదువు.

నన్ను పూర్వ విద్యార్థి హోదాలో పిలిచారు. నేను చదువుకున్న రోజుల్లో కాలు ఊగిన బెంచీ మీదే కూర్చోబెట్టారు. కాలు ఇంకా ఊగుతూనే ఉంది. ప్రభుత్వ ఆస్తిని ఇంత పదిలంగా కాపాడిన బడిని నేను మరెక్కడా చూడలేదు.

గేటు దగ్గర మొదలుపెట్టి వేదిక దాకా తొమ్మిది ఫ్లెక్సీలు కట్టారు. అన్నింటిలోనూ ఎమ్మెల్యేగారు నమస్కరిస్తూనే ఉన్నారు. వాటి మీద డబ్బు తగలేశారని నా పక్కన ఒకాయన గొణిగాడు. ఆయనకు దూరదృష్టి లేదు. హెడ్మాస్టర్ మేడమ్ అప్పటికే ఒక ఫ్లెక్సీ పొడవును కళ్లతో కొలుస్తున్నారు. మూడో తరగతి గది కప్పు కారే చోటికి రెండు చాలునట. మిగిలిన ఏడూ ఎవరూ పట్టుకెళ్లకుండా చూడమని స్వీపరుకు సైగ చేశారు.

ఎమ్మెల్యేగారు మైకు అందుకోగానే అలవాటు కొద్దీ ‘అధ్యక్షా’ అన్నారు. మేడమ్ ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు. నవ్వులు సద్దుమణిగాక ఆయన అసలు విషయంలోకి దిగారు. మార్చి 19న శాసనసభలో ఆర్థిక మంత్రి భట్టి విక్రమార్క ప్రవేశపెట్టిన బడ్జెట్ మొత్తం 3,04,965 కోట్ల రూపాయలు. అందులో విద్యకు 23,108 కోట్లు. చప్పట్లు. నా పక్కాయన మళ్లీ అడ్డం పడ్డాడు. నూటికి ఏడున్నర రూపాయలే కదా, 2023 ఎన్నికల మేనిఫెస్టోలో కాంగ్రెస్ 15 శాతం అన్నది కదా అని. లెక్క సరే, న్యాయం మరిచిపోయాడు. పదిహేనుకు ఏడున్నర అంటే నూటికి యాభై మార్కులు. పదో తరగతిలో 35 వస్తే పాసు చేసే రాష్ట్రంలో యాభై తెచ్చుకున్న ప్రభుత్వాన్ని తప్పుపట్టడం ఏం మర్యాద?

పైగా బడ్జెట్ అనేది వ్యాకరణానికి సంబంధించిన విషయం, గణితానికి కాదు. అందులో మూడు కాలాలుంటాయి. బడ్జెట్ అంచనా భవిష్యత్కాలం: ఇస్తాం. సవరించిన అంచనా వర్తమానం: ఇస్తున్నాం, కొంచెం ఆగండి. వాస్తవ ఖర్చు భూతకాలం: ఇంతే ఇచ్చాం. మూడోది బయటపడటానికి రెండేళ్లు పడుతుంది. 2023-24లో నిజంగా ఎంత ఖర్చయిందో 2025-26 బడ్జెట్ పుస్తకాల్లో కనిపిస్తుంది. ఐదో తరగతి పిల్ల కోసం రాసిన రూపాయి సంగతి ఆ పిల్ల ఏడో తరగతికి వెళ్లాక తెలుస్తుందన్నమాట. సభల్లో మాత్రం ఎప్పుడూ మొదటి కాలంలోనే మాట్లాడతారు. తెలుగులో భవిష్యత్కాలం వినడానికి ఎంత మధురంగా ఉంటుందో ఆ రోజు నాకు అర్థమైంది.

ఎమ్మెల్యేగారికి ఈ వేదిక కొత్త కాదు. 2022లో అప్పటి ప్రభుత్వం ‘మన ఊరు – మన బడి’ మొదలుపెట్టినప్పుడు, పట్నాల్లో దాన్నే ‘మన బస్తీ – మన బడి’ అన్నప్పుడు కూడా ఇక్కడే మాట్లాడారు. కండువా రంగు వేరు, గొంతు అదే. 26,065 బడులు, 7,289 కోట్లు, పన్నెండు రకాల పనులు, మూడు విడతలు. మాది మూడో విడత అని అప్పుడు చెప్పారు. పెళ్లి భోజనాల్లో మూడో బంతికి కూర్చున్నవారికి ఈ మాట విడమరిచి చెప్పనవసరం లేదు. విస్తరి వేస్తారు, నీళ్లు పోస్తారు, వడ్డించేవాళ్లు చేతులు కడుక్కుని ఇళ్లకు వెళతారు.

ఈసారి ఆయన యంగ్ ఇండియా గురుకులాల గురించి చెప్పారు. 58 బడులు, 11,600 కోట్లు, ఒక్కొక్కటి ఇరవై ఎకరాలకు తగ్గకుండా. ఎకరం అనగానే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లకు తెలిసిన కొలత గజం. మా బడి మొత్తం మూడు వందల గజాలు, అందులో ట్రాన్స్‌ఫార్మర్‌కు పోయింది పోగా.

ఉపాధ్యాయుల లెక్క కూడా చెప్పారు. 2024లో 11,062 పోస్టులతో డీఎస్సీ జరిగింది, నిజమే. మా బడిలో 140 మంది పిల్లలు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదుగురు టీచర్లుండాలి. రిజిస్టరులో నలుగురున్నారు, తరగతి గదుల్లో ముగ్గురు. నాలుగో ఆయన డిప్యుటేషన్ మీద ఏదో కార్యాలయంలో, టీచర్ల కొరత వివరాలు కంప్యూటర్లో ఎక్కిస్తున్నారట. ఆయన లేని లోటును ఆయనే నమోదు చేసుకునే సౌకర్యం ఇంకే శాఖలో ఉంది?

కేంద్రం, రాష్ట్రం కలిసి డబ్బిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద ఈ సైజు బడికి ఏడాదికి వచ్చే గ్రాంటు యాభై వేలు. చాక్‌పీసులు, రిజిస్టర్లు, మరమ్మతులు, శుభ్రత అన్నీ అందులోనే. పిల్లవాడికి రోజుకు ఒక రూపాయి కూడా పడదు. ఈ అంకె ప్రసంగంలో రాలేదు. మూడు లక్షల కోట్ల గురించి మాట్లాడుతున్న మనిషికి రూపాయి దగ్గర ఆగే తీరిక ఉండదు.

పన్నెండున్నరకు మధ్యాహ్న భోజనం వ్యాను వచ్చింది. డబ్బాలు దించి వేదిక పక్కనే పెట్టారు. పప్పు వాసన సభంతా పాకింది. అప్పటిదాకా కునికిన రెండో తరగతి మొత్తం మేలుకొని ఎమ్మెల్యేగారి వైపు ఆసక్తిగా చూడసాగింది. ఆయన అది తన మాట మహిమ అనుకుని ఇంకో అరగంట పెంచారు.

ఆ ఊపులోనే ఒక పిల్లను పిలిచి, మొత్తం బడ్జెట్‌ను అంకెల్లో రాయమన్నారు. వరండా గోడకే నల్లరంగు పూసి చేసిన బోర్డు మాది. ఐదో తరగతి అమ్మాయి చాక్‌పీసు తీసుకుని, అందరికీ కనబడాలని జానెడంత అంకెలతో 304965 వేసింది. ఆగింది. “కోటికి ఏడు సున్నాలమ్మా” అని మేడమ్ అందించారు. మూడు సున్నాలకే బోర్డు అయిపోయింది. అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, మిగిలిన నాలుగూ పక్కనున్న వట్టి గోడ మీద వేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇంత స్పష్టమైన బడ్జెట్ ప్రసంగం నేనెప్పుడూ వినలేదు.

చివర్లో మేడమ్ ఒక వినతిపత్రం ఇచ్చారు. మూడే కోరికలు. మరుగుదొడ్డికి నల్లా కనెక్షన్, డిప్యుటేషన్ మీద ఉన్న టీచరును వెనక్కి పంపడం, వరండా గోడకు సున్నం. ఎమ్మెల్యేగారు దాన్ని కళ్లకద్దుకుని పీఏ చేతికిచ్చారు. పీఏ మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు. ఆ ఫైలు మీద ‘పరిశీలనలో’ అని ముందే అచ్చువేసి ఉంది. కార్లు వెళ్లిపోయాయి. వాటితో పాటు ఫ్లెక్సీలు ఐదు కూడా వెళ్లాయి, మరో బడిలో సభ ఉందట.

భోజనాలయ్యాక ఆ అమ్మాయి డస్టరు తీసుకుని బోర్డు తుడిచింది. తర్వాత గోడ మీది సున్నాలు తుడవబోయింది. అవి పోలేదు, పెచ్చులూడిన గోడ కదా, ఇంకాస్త అలుక్కుపోయి పెద్దవయ్యాయి. భయపడి మేడమ్ వైపు చూసింది.

“ఉండనీ అమ్మా,” అన్నారు మేడమ్, హాజరు పట్టీలోంచి తలెత్తకుండా. “సున్నం వేసినప్పుడు పోతాయిలే.”