మహారాజశ్రీ వాకర్ రివాల్వర్ గారి దివ్యసముఖమునకు

1847 నాటి కోల్ట్ వాకర్ గారి ఇటాలియన్ ప్రతిరూపమైన తమరికి, టెక్సాస్‌లో కాపురముంటున్న ఒక తెలుగువాడు నమస్కరించి చేసుకునే విన్నపం. ఉభయకుశలోపరి.

ముందుగా అభినందనలు. 2021లో టెక్సాస్ శాసనసభ తమరి మూలపురుషుణ్ణి రాష్ట్ర అధికారిక చేతి తుపాకీగా ప్రకటించింది. తమరికి పేరిచ్చిన కెప్టెన్ శామ్యూల్ వాకర్ టెక్సాస్ రేంజర్‌గా, అంటే అక్కడి సరిహద్దు కాచే దళసభ్యుడిగా, పేరు పొందినా పుట్టింది మేరీలాండ్‌లో. తుపాకుల తయారీదారు శామ్యూల్ కోల్ట్ మొదటి కంపెనీ 1842లోనే దివాలా తీసినందున తమరి పూర్వీకులు తయారైంది కనెక్టికట్‌లో, వేరొకరి కార్ఖానాలో. తమరేమో ఇటలీలోని బ్రెషా ప్రాంతం నుంచి ఓడెక్కి వచ్చారు. ఇన్ని ఊళ్ళ నీళ్ళు తాగినవారిని టెక్సాస్ సొంత బిడ్డగా అక్కున చేర్చుకోవడం చూస్తే మాబోటి వలసజీవులకు కాస్త ధైర్యంగానే ఉంది.

ఇక అసలు విషయం. తమరి బరువు రెండు కిలోల పైచిలుకు, గొట్టం పొడవు 9 అంగుళాలు, సిలిండర్‌లోని ఆరు అరల్లో ఒక్కొక్కదానికి 60 గ్రెయిన్ల (సుమారు 4 గ్రాముల) దాకా తుపాకిమందు పడుతుంది. ఆనాటి ఇనుము అంత మందును ఓర్చుకోలేక చాలా సిలిండర్లు సైనికుల చేతుల్లోనే పగిలాయి. గుండు దట్టించే లీవరు పేల్చిన అదురుకు ఊడి కిందికి వేలాడేది. తమరి జత చేతికందిన కొద్ది రోజులకే, 1847 అక్టోబరు 9న, మెక్సికోతో జరిగిన యుద్ధంలో, అక్కడి వామాంత్ల పోరులో వాకర్ మరణించారు కనుక లోపాలన్నీ తీరిగ్గా రాసి పంపే అవకాశం ఆయనకు దక్కలేదు. కోల్ట్ మాత్రం గ్రహించాడు. 1848లో తెచ్చిన తరువాతి రివాల్వరు డ్రగూన్‌లో అరలు కుదించి 50 గ్రెయిన్లకు తగ్గించాడు, గొట్టాన్ని ఏడున్నర అంగుళాలు చేశాడు, పోనుపోను లీవరు కొసకు సరైన కొక్కెమూ పెట్టాడు. 1860 ఆర్మీ మోడల్ వచ్చేసరికి బరువు 1.2 కిలోలకు దిగింది. అంటే ఆ పదమూడేళ్ళలో కోల్ట్ చేసిన పనిలో పెద్ద భాగం తమరి తప్పులు దిద్దడమే.

అయినా నేటి కొనుగోలుదారు అడిగేది ఒకటే: "అన్నిటికన్నా పెద్దది ఏది?" తయారీదారుల నిష్ఠ మరీ గొప్పది. ఇప్పటి ఉక్కు మేలైనది, యంత్రాలు వెంట్రుకవాసి తేడా రానివ్వవు. ఆ నైపుణ్యమంతా వెచ్చించి, ఊడిపడే లీవరును ఊడిపడేటట్టుగానే తయారు చేస్తున్నారు! దాన్ని బాగుచేస్తే అది నకలు కాదని కొనేవారే నొచ్చుకుంటారట. పూర్వీకుల తప్పును ఇంత భక్తిగా కాపాడుకునే పరిశ్రమ మరొకటి ఉందో లేదో నాకు తెలియదు.

తమరి సేవాక్రమం గురించి కూడా రెండు మాటలు. అరలో కొలిచి మందు పోయాలి. బుద్ధున్నవారు 60 గ్రెయిన్ల జోలికి పోకుండా 40 దగ్గరే ఆగుతారు. దాని మీద 0.454 అంగుళాల సీసపు గుండును ఉంచి లీవరుతో అదిమితే, అర అంచుకు ఉంగరమంత పలుచని సీసపు చుట్ట తెగిపడుతుంది. గుండు బిగువుగా కూర్చుందనడానికి అదే గుర్తు. ఆపైన ఆవకాయ జాడీలో ముక్కల మీద నూనె తేలినట్టు ప్రతి అర మూతినీ కొవ్వుతో కప్పాలి, లేకపోతే ఒక అర నిప్పు పక్క అరకు అంటుకుని రెండు మూడు ఒకేసారి పేలే ప్రమాదముంది. చివరగా వెనక వైపు, సుత్తి దెబ్బకు నిప్పు రాజేసే రాగి టోపీలు తొడగాలి. ఇంత తతంగం తరువాత గురిచూద్దామంటే, వెనక గురిగాడి తమరి సుత్తి మీదే ఉంది కనుక సుత్తి ఎత్తితేగానీ అది కనబడదు. పేల్చగానే తెల్లటి పొగ కమ్మి, గుండు ఎక్కడ తగిలిందో కాసేపు భగవంతుడికే ఎరుక. పొగ విచ్చుకునేసరికి లీవరు ఊడి, దాని కడ్డీ అరలోకి దూరి, సిలిండర్ తిరగకుండా మొరాయిస్తుంది. అందుకే అనుభవజ్ఞులు మొలతాడు కట్టినట్టు తమరి గొట్టానికీ లీవరుకీ కలిపి తోలుపట్టీ బిగిస్తారు. రాష్ట్ర లాంఛనానికి ఇది శోభనివ్వదు, కానీ రెండో గుండు పేలుతుంది.

ఇంటికొచ్చాక వేడినీళ్ళ స్నానం. మందు మసి గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఒక్కరోజు అశ్రద్ధ చేస్తే తుప్పు పట్టిస్తుంది. వంటింటి సింకులో ఆ గంధకపు వాసన గురించి మా ఇంట్లో జరిగిన చర్చ తమరి హోదాకు తగదు కనుక ఇక్కడ వ్రాయను.

మొన్న డాలస్‌లో ఒక మిత్రుడు ఏది కొనమంటారని అడిగితే, ఆ కాలపు మరో రివాల్వరైన 1858 రెమింగ్టన్ ప్రతిరూపం తీసుకోమన్నాను. పైన అడ్డపట్టీ ఉన్న దృఢమైన చట్రం, సులువుగా ఊడివచ్చే సిలిండర్, చేతికి తగ్గ బరువు, అన్నీ వివరించాను. ఆయన శ్రద్ధగా విని తమరినే తెప్పించుకున్నాడు. నడుముకు కట్టుకునే ఒర ఎక్కడ దొరుకుతుందని ఇప్పుడు అడుగుతున్నాడు. ఆ రోజుల్లో తమరి పూర్వీకులను గుర్రపు జీనుకు వేలాడదీసిన ఒరలో మోసేవారు కనుక ముందు గుర్రం బేరం చేసుకోమని చెప్పాను.

చిత్తగించవలెను.