ఎదురు తిరగనివాళ్ల సంగతి

పనిచోట అధికారుల కోపం గురించి వచ్చిన వ్యాసంలో, పై అధికారి అరిచినప్పుడు ఉద్యోగి ఎదురు తిరుగుతాడు, లేదా రాజీనామా చేస్తాడు అని రాశారు. ఈ రెండూ చేయలేనివాళ్లనే నేను ఎక్కువగా చూశాను. వాళ్ల గురించి ఒక్క పేరా అయినా ఉండాల్సింది.

లెక్కల్లో చిన్న తప్పు దొర్లిందని మా అధికారి ఒకసారి అందరి ముందూ కాగితాలను నా సహోద్యోగి బల్ల మీదకు విసిరికొట్టారు. ఆమె ఏమీ అనలేదు. ఒక్కొక్కటీ ఏరి, అంచులు సరిచేసి, వరుసలో పెట్టుకుంది. ఆ తర్వాత రెండు వాక్యాల ఈమెయిల్ పంపాలన్నా నాలుగైదుసార్లు చదువుకునేది. సమావేశాల్లో నోరు విప్పడం మానేసింది. ఎక్కడైనా పొరపాటు కనిపించినా చెప్పేది కాదు. చూస్తూ ఊరుకున్న మాకూ అదే భయం పాకింది. ఆ రోజు నేను ఒక్క మాటైనా అనలేదన్న బాధ ఇప్పటికీ ఉంది.

కోపాన్ని పుట్టినచోట చూపించలేకపోతే అది కింది ఉద్యోగి మీదో, ఇంట్లో పిల్లల మీదో పడుతుంది. ఉద్యోగ సంబంధాలను పరిశీలించే పరిశోధకుడు బెనెట్ టెప్పర్ 2000లో ప్రచురించిన పరిశోధనలో, దూషించే అధికారి కిందే కొనసాగినవాళ్లలో మానసిక వేదన, పనికీ ఇంటికీ మధ్య ఘర్షణ ఎక్కువగా కనిపించాయి. వేరే ఉద్యోగం దొరికే వీలు తక్కువగా ఉన్నవాళ్లకు ఆ దెబ్బ మరింత గట్టిగా తగిలింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఆమోదించిన 190వ ఒప్పందం మానసిక హాని కలిగించే ప్రవర్తననూ హింస, వేధింపుల పరిధిలోకి తెచ్చింది. కానీ ఫిర్యాదు తీసుకునేది ఆ అరిచిన మనిషే అయితే ఎవరు వెళతారు? ఫిర్యాదు చేసే దారి వేరుగా ఉండాలి, వెళ్లినవాళ్ల పేరు బయటకు పొక్కకూడదు.